నాలుగంగుళాలు, మూడేళ్ళు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ "ఇంటి షెడ్డులో సొంతంగా ఆఫ్‌రోడ్ ట్రక్కు తయారు చేసిన మనిషి" అన్నారు. వినడానికి బాగానే ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, నేను ఒక పాత పికప్ బండిని నాలుగంగుళాలు పైకి లేపాను. లేపడం ఒక శని, ఆదివారాల్లో అయిపోయింది. ఆ తర్వాత మూడేళ్ళ పాటు నా సాయంత్రాలన్నీ ఆ నాలుగంగుళాల అప్పు తీర్చడానికే సరిపోయాయి. ఇవాళ చెప్పబోయేది ఆ అప్పు కథే. ఒక చోట అంగుళం మారిస్తే అది బండంతా తిరిగి ఎక్కడెక్కడ ఎంతెంత వసూలు చేస్తుందో, నేను దెబ్బ తిని నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

ముందుగా ఒక్క మాట. మీరున్న చోట బండికి ఇలాంటి మార్పులు చేస్తే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ నియమాలు ఏమంటాయో గ్రైండర్ పట్టుకోకముందే కనుక్కోండి. చోటుకో రకంగా ఉంటాయి. దీని గురించి ఇంతకంటే మాట్లాడను. నాకూ బోరే, మీకూ బోరే. కోసేసిన చాసిస్‌ని మళ్ళీ అతికించుకోవడం మాత్రం అంతకంటే పెద్ద బోరు.

అసలు ఎందుకు లేపాలి? స్ప్రింగులు పెంచితే బండి కింద రాళ్ళు తగలవని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఏదైనా సాలిడ్ యాక్సిల్ ఉన్న బండి కిందకి ఒకసారి వంగి చూడండి. రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక గొట్టం, దాని నడుమ కుండలా ఉబ్బి ఉన్న హౌసింగ్. రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు, అంటే డిఫరెన్షియల్, ఉండేది అందులోనే. రాయి ముందుగా తగిలేది దానికే. స్ప్రింగేమో ఆ గొట్టానికీ చాసిస్‌కీ మధ్య ఉంటుంది. కాబట్టి స్ప్రింగు ఎంత పొడుగు పెట్టినా లేచేది పైనున్న చాసిస్, బాడీ మాత్రమే. కుండ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాన్ని లేపాలంటే మామూలుగా ఒకటే దారి, పెద్ద టైరు. పోర్టల్ యాక్సిల్ అని ఇంకో దారి ఉందిలెండి. ఉనిమోగ్ అనే జర్మన్ ట్రక్కు లాంటి బండ్లలో చక్రం దగ్గర విడిగా గేర్లు పెట్టి, యాక్సిల్‌ని చక్రం మధ్య కన్నా పైకి జరుపుతారు. అది ఇంటి షెడ్డులో మొదటి బండికి తలపెట్టే పని కాదు.

నా బండికి 29 అంగుళాల టైర్లు ఉండేవి. 35 పెట్టాను. తేడా 6 అంగుళాలు, కానీ నేలకీ యాక్సిల్‌కీ మధ్య ఉండేది టైరులో సగమే కాబట్టి కుండ లేచింది 3 అంగుళాలు. స్ప్రింగుల నాలుగంగుళాలు దేనికంటే, ఆ 35 అంగుళాల టైరు మడ్‌గార్డు లోపల పట్టడానికి. ముందు బంపరు గట్టుకి గుద్దుకోకుండా, వెనక బంపరు గోతిలోంచి ఎక్కేటప్పుడు నేలని గీరకుండా, నడుము మిట్ట మీద ఆనకుండా ఉండడానికి కూడా ఆ ఎత్తు పనికొస్తుంది. అంతే. ఈ ముక్క మొదటే తెలిసి ఉంటే టైర్లు కొని, వాటికి ఎంత చోటు కావాలో కొలిచి, తర్వాత ఎత్తు తేల్చుకునేవాణ్ణి. నేను ముందు లేపి, తర్వాత టైరు వెతుక్కున్నాను.

మా బావగారు, అంటే మా అక్క భర్త, ఆ రోజు షెడ్డుకి వచ్చారు. ఆయనకి మెకానిక్ పని రాదు గానీ ప్రశ్నలు మాత్రం మెకానిక్‌ల కన్నా బాగా వేస్తారు. కొత్త టైర్ల మీద నిలబడ్డ బండిని చుట్టూ తిరిగి చూసి, "బాగుందోయ్, మరి లాగుతుందా?" అన్నారు. తీసుకెళ్ళి చూస్తే లాగలేదు. ఎదురు చిన్న ఎత్తు వస్తే చాలు, గేరు దించాల్సి వచ్చింది.

ఎందుకో ఈ బోర్డు మీద వేసి చూపిస్తాను, చిన్న లెక్కే. యాక్సిల్ లోపల పీనియన్ అనే చిన్న గేరు క్రౌన్ అనే పెద్ద గేరుని తిప్పుతుంది. నా యాక్సిల్‌లో ఆ నిష్పత్తి 4.10. అంటే యాక్సిల్‌కి బలం తెచ్చే పొడుగు కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్టు, 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టైరు 29 నుంచి 35 అయింది. 4.10ని 29తో గుణించి 35తో భాగిస్తే సుమారు 3.40. అంటే టైర్లు మార్చిన మరుక్షణం ఎవరో వచ్చి నా యాక్సిల్ గేర్లు మార్చేసి పోయినట్టే. మళ్ళీ పాత పట్టు రావాలంటే 4.10ని 35తో గుణించి 29తో భాగించాలి. దాదాపు 4.95. నా యాక్సిల్‌కి దొరికేవాటిలో దానికి దగ్గరగా ఉన్నది 4.88. అది వేయించాను. ముందూ వెనకా రెండు యాక్సిళ్ళకీ ఒకటే నిష్పత్తి ఉండాలి, మర్చిపోకండి. ఒకటి మార్చి రెండోది వదిలేసి ఫోర్ వీల్ వేస్తే, రెండు యాక్సిళ్ళకీ బలం పంచే గేరుపెట్టె, అదే ట్రాన్స్‌ఫర్ కేస్, తన్నుకుని చస్తుంది.

ఇదే లెక్క ఇంకో వైపు నుంచి చూడండి. రాళ్ళ మీద బండి నడపడానికి కావలసింది వేగం కాదు, నెమ్మది. మొదటి గేరు 4, ట్రాన్స్‌ఫర్ కేస్ లో-రేంజి 2.5, యాక్సిల్ 4.10. మూడూ గుణిస్తే 41. ఇంజను ఐడ్లింగులో నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. చక్రం తిరిగేది 20 చుట్ల లోపే. 29 అంగుళాల టైరుతో అది గంటకి 2.7 కిలోమీటర్లు. 35 పెట్టగానే 3.3 అయింది. 4.88 గేర్లు వేశాక మళ్ళీ 2.7కి వచ్చింది. మనిషి తాపీగా నడిచే వేగంలో సుమారు సగం. క్లచ్ మీద కాలు పెట్టక్కర్లేదు, యాక్సిలరేటర్ తొక్కక్కర్లేదు, బండే పాక్కుంటూ పోతుంది. 3.3కీ 2.7కీ ఏం తేడా అని ఇక్కడ కూర్చుని అనిపిస్తుంది. కిందకి దిగే వాలు మీద కూర్చుంటే అనిపించదు.

ఇక నేను బాగా దెబ్బ తిన్న చోటుకి వద్దాం. వెనక కమాన్లు, అంటే ఇనుప పట్టీలు కట్టగా పేర్చిన స్ప్రింగులు.

నా బండికి వెనక కమాను కట్టలు యాక్సిల్ గొట్టం కింద ఉండేవి. వాటిని గొట్టం పైకి మారిస్తే చాసిస్ లేస్తుంది. ఎంత లేస్తుంది? గొట్టం వ్యాసం నా బండికి 3 అంగుళాలు. గొట్టం మీద కమాను కూర్చోవడానికి కొత్తగా వెల్డ్ చేసే దిమ్మ కొంచెం ఎత్తు. కాగితం మీద 4కి కాస్త తక్కువ వచ్చింది, సరిపోతుందనుకున్నాను. బిగించాక టేపు పెడితే 5 దాటింది. కట్ట మందం కూడా కలపాలని తట్టలేదు! కింద ఉన్న కట్ట పైకొస్తే దాని మందం కూడా లేవాలి కదా. చివరికి కట్టలోంచి ఒక పట్టీ తీసేసి 4కి తెచ్చుకున్నాను.

అసలు తప్పు అది కాదు. ఆ దిమ్మల్ని నేను యాక్సిల్ బల్ల మీద ఉండగానే, రసమట్టం పెట్టి మరీ చక్కగా, పూర్తిగా వెల్డ్ చేసేశాను. బండికి ఎక్కించి, ప్రొపెల్లర్ షాఫ్టు తగిలించి, సంతోషంగా రోడ్డెక్కాను. గంటకి 40 దాకా ఏమీ లేదు. 60 దగ్గర సీటు కింద తేనెపట్టు కదిలినట్టు ఒక గుయ్యిమన్న వణుకు మొదలైంది. అద్దంలో వెనక బండి రెండుగా కనిపించింది. టైర్ల బ్యాలెన్స్ అనుకుని టైర్లు మార్చి చూశాను. షాఫ్టు వంగిందనుకుని చూపించాను, వంగలేదు. పదిహేను రోజులు పోయాయి.

సంగతేమిటంటే, ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు చివర్లా క్రాస్ జాయింట్లు ఉంటాయి. పాత జాయింటు ఇది. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరుతో కార్డన్ జాయింట్ అనీ, 17వ శతాబ్దపు ఇంగ్లిష్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో హుక్ జాయింట్ అనీ అంటారు. దీనికో గుణం ఉంది. వంకరగా ఉన్న జాయింటుకి ఇటువైపు ఒకే వేగంతో తిప్పినా అటువైపు ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. వంకర 10 డిగ్రీలుంటే ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలుంటే 6 శాతం. వంకర రెట్టింపైతే తేడా నాలుగు రెట్లు. మరి అన్ని బండ్లూ వణకవేం? రెండో చివర ఇంకో క్రాస్ ఉంది కాబట్టి. మొదటిది చేసిన పాపాన్ని రెండోది కడిగేస్తుంది. అయితే ఒక షరతు. రెండు చోట్లా కోణం సమానంగా ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేసులోంచి బయటికొచ్చే షాఫ్టూ, యాక్సిల్‌లో ఉన్న పీనియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. షాఫ్టు రెండు చివర్లా క్రాస్‌ని పట్టుకునే కొమ్ములు, అంటే యోకులు, ఒకే వరసలో ఉండాలి. నా పీనియన్ మూతి 7 డిగ్రీలు పైకి చూస్తోంది. బల్ల మీద రసమట్టం చూపించిన మట్టం, బండి కింద బరువు పడ్డాక ఉండే మట్టం ఒకటి కాదు.

గ్రైండరు పెట్టి నా చేత్తో నేను వేసిన రెండు దిమ్మల్నీ కోసేశాను. ఒక సాయంత్రమంతా పట్టింది. వెల్డింగ్ బాగా పడిందని గర్వంగా ఉండేది, ఆ రోజు మాత్రం తిట్టుకున్నాను.

రెండోసారి ఇలా చేశాను. దిమ్మల్ని వెల్డ్ చెయ్యకుండా గొట్టానికీ కమానుకీ మధ్య ఊరికే ఉంచి, యూ బోల్టులు చేతితో బిగించాను. చక్రాలు తగిలించి బండిని పూర్తిగా నేల మీదకి దించాను. సీట్లు, స్పేర్ టైరు, టూల్ బాక్స్ కూడా ఎక్కించాను, ఎందుకంటే బరువు మారితే కోణం మారుతుంది. పీనియన్ మూతి కింద చిన్న జాకీ పెట్టి ఒక్కో మిల్లీమీటరు చొప్పున తిప్పాను. కోణం చూపించే చిన్న మీటరు ఉంటుంది, అయస్కాంతంతో అతుక్కుంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజి మీద ఒకసారి, పీనియన్ ఫ్లాంజి మీద ఒకసారి పెట్టి చూశాను. రెండూ కలిశాక పీనియన్‌ని ఇంకో డిగ్రీ దించాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాను మెలితిరిగి పీనియన్ ముక్కు కాస్త పైకి లేస్తుంది, ఆ లేచేదానికి ముందే చోటివ్వాలి. అప్పుడు ఒక్కో దిమ్మకి నాలుగు చుక్కలు, అంతే, టాక్ వేశాను. మళ్ళీ కొలిచాను. తర్వాత యాక్సిల్ దించి, ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు, మధ్యలో చల్లారనిస్తూ పూర్తి చేశాను. ఒకేసారి ఒకే వైపు లాగించేస్తే గొట్టం అరటికాయలా వంగుతుంది. వణుకు పోయింది. బావగారు పక్క సీట్లో కూర్చుని, "ఇప్పుడు అద్దంలో ఒక్క బండే కనిపిస్తోంది, రెండోది ఏం చేశావోయ్?" అన్నారు.

ఆ దెబ్బతో ముందు వైపు పని జాగ్రత్తగా చేశాను. ముందు కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ని చాసిస్‌కి పట్టి ఉంచే లింకులు, యాక్సిల్ పక్కకి జరక్కుండా అడ్డంగా ఒక పానార్డ్ రాడ్డు. మీలో ఈ పని మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఒక్క పని తప్పకుండా చెయ్యండి. కొత్త స్ప్రింగులు, షాకులు బిగించే ముందు అవేమీ లేకుండా యాక్సిల్‌ని పైనుంచి కిందదాకా ఆడించండి. చాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్ కింద జాకీ పెట్టి, పూర్తిగా పైకి, పూర్తిగా కిందకి, తర్వాత ఒక చక్రం పైకి ఒకటి కిందకి. ఒక్కో చోట ఆపి టార్చిలైటు వేసి చూడండి. అర్ధరాత్రి నేల మీద వెల్లకిలా పడుకుని నేను చూసినవి చెబుతాను. ఎడమ చక్రం పూర్తిగా కిందకి జారినప్పుడు బ్రేక్ రబ్బరు పైపు వీణ తీగలా బిగుసుకుంది. వేలితో మీటితే మోగింది! ఆ పైపుతో గోతిలోకి దిగి ఉంటే ముందు తెగేది పైపు, తర్వాత నా సంగతి. పానార్డ్ రాడ్డు పైకొచ్చి డిఫరెన్షియల్ మూతకి వెంట్రుకవాసిలో ఆగింది. టైరు పూర్తిగా తిప్పి పైకి లేపితే మడ్‌గార్డు లోపలి అంచుని కోస్తోంది. ఈ మూడూ బండి నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కనిపించవు. పొడుగు పైపులు వేశాను, యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ దించాను, మడ్‌గార్డు కోశాను.

జాకీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. జాకీ లేపడానికి, స్టాండు నిలబెట్టడానికి. జాకీ ఒక్కటే ఉన్న బండి కిందకి చెయ్యి కూడా పెట్టను. ఇందులో జోకు లేదు.

ముందు వరసలో ఎవరో అడుగుతున్నారు... ఆ, స్టీరింగ్. మంచి ప్రశ్న. సాలిడ్ యాక్సిల్ బండిలో స్టీరింగ్ బాక్సు చాసిస్ మీద ఉంటుంది, చక్రాలు యాక్సిల్ మీద ఉంటాయి. రెంటినీ కలిపేది డ్రాగ్ లింకు. యాక్సిల్ పక్కకి జరక్కుండా పట్టుకునేది పానార్డ్ రాడ్డు. ఈ రెండూ సమాంతరంగా, దాదాపు ఒకే పొడుగులో ఉండాలి. అప్పుడు యాక్సిల్ పైకీ కిందకీ ఊగినా రెండూ ఒకే వంపులో కదులుతాయి. బండి లేపాక రెండూ బాగా ఏటవాలుగా తయారవుతాయి. ఒకదాని బ్రాకెట్టు సరిచేసి రెండోది వదిలేస్తే, స్టీరింగ్ కదల్చకపోయినా ప్రతి గుంతకీ బండి తనంతట తనే పక్కకి లాగుతుంది. ఇంకోటి, లింకులు పొట్టివైతే లేపినప్పుడు యాక్సిల్ ముందుకి తిరిగి క్యాస్టర్ కోణం తగ్గిపోతుంది. స్టీరింగ్ తిప్పి వదిలితే నిటారుకి రాదు. దానికి తోడు పానార్డ్ బోల్టు రంధ్రం ఏ కొంచెం సాగినా, ఒక వేగంలో గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలుపెడతాయి. దానికి స్టీరింగ్ డ్యాంపర్ మందు అని అమ్ముతారు. అది నొప్పి మాత్ర లాంటిది. రోగం బోల్టులో ఉంది.

వెల్డింగ్ గురించి ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇంటి షెడ్డులో బండి చేసేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. వెల్డింగ్ చూడడానికి బాగుండొచ్చు, పట్టు మాత్రం ఉండకపోవచ్చు. తీగ దానంతటదే వచ్చే మిగ్ మెషీనుతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కరెంటు తక్కువ పెడితే కరిగిన తీగ ఇనుము మీద ముత్యాల్లా అందంగా కూర్చుంటుంది. లోపలికి దిగదు. మొదటి నెల నేను వేసినవన్నీ అలాంటివే. ఒక పాతకాలపు వెల్డరు చూసి ఏమీ అనలేదు. నా ముక్క ఒకటి తీసుకుని, వైసులో బిగించి, వెనక నుంచి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టారు. ఊడి వచ్చింది. ఊడిన చోట కింద పలక మీద మిల్లు నుంచి వచ్చిన నల్ల పొర అలాగే ఉంది, కాస్త కూడా కరగలేదు. "నువ్వు వేసింది వెల్డింగ్ కాదు బాబూ, గమ్ము" అన్నారు.

అప్పట్నుంచి ఏ బ్రాకెట్టు వేసినా ముందు అదే మందం తుక్కు ముక్కల మీద వేస్తాను. విరగ్గొట్టి చూస్తాను. కోసి లోపల ఎంత దిగిందో చూస్తాను. పెయింటు, తుప్పు, ఆ నల్ల పొర గీకేసి తెల్లటి ఇనుము కనిపించేదాకా తుడుస్తాను. మందం ఉన్న పలకైతే అంచు ఏటవాలుగా గ్రైండ్ చేస్తాను. గ్యాసుతో చేసే మిగ్‌కి షెడ్డు తలుపు తీసి ఉండి గాలి వీస్తే, కాపలా కాసే గ్యాసు ఎగిరిపోయి వెల్డు లోపల స్పాంజిలా బుడగలు పడతాయి. రాడ్డు వెల్డింగ్‌కి ఆ బాధ తక్కువ. రాడ్ల మీద 6013, 7018 అని ఉంటుంది చూడండి. మొదటి రెండంకెలు బలం. 70 అంటే వెల్డు లోహం చదరపు అంగుళానికి 70,000 పౌన్లు తట్టుకుంటుందని. 7018 మంచి రాడ్డే గానీ తేమ తగిలితే దాని మంచితనం పోతుంది, పొడిగా దాచాలి.

చాసిస్ మీద పలక అతికించేటప్పుడు నిలువుగా, చాసిస్‌కి అడ్డంగా ఒకే గీతలో వెల్డ్ వెయ్యొద్దు. వెల్డు పక్కన వేడికి ఇనుము గుణం మారిన సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది, చాసిస్ వంగినప్పుడల్లా పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే ఆ పలకల్ని కోణాలుగా, వజ్రం ఆకారంలో కోస్తారు. బలం ఒకే గీత మీద పడకుండా కొంచెం కొంచెంగా పంచుకుంటుంది. బరువు మోసే పెద్ద లారీల చాసిస్ కొన్నింటికి హీట్ ట్రీట్‌మెంట్ చేసి ఉంటుంది. వాటి పై, కింది అంచుల మీద రంధ్రం కూడా వెయ్యకూడదు.

వెల్డ్ చేసే ముందు బ్యాటరీ వైర్లు తీసెయ్యండి. ఎర్త్ క్లాంపు వెల్డు పడే చోటుకి వీలైనంత దగ్గరగా పెట్టండి. చక్రానికి పెట్టి యాక్సిల్ మీద వెల్డ్ చేస్తే కరెంటు బేరింగులోంచే పోతుంది, లోపల గుళ్ళ మీద చిన్న చిన్న మచ్చలు పడతాయి, ఆర్నెల్లకి మోత వస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట ఆర్క్ వెలిగించొద్దు. ఆ వెలుగుకీ వేడికీ ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద వాడింది అదే. జింకు పూసిన గొట్టాన్ని గీకకుండా వెల్డ్ చేస్తే ఆ పొగకి రాత్రి చలిజ్వరం వస్తుంది. ఇది నాకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఇంకో రాత్రి సంగతి. క్యాబిన్ నేల కింద ఒక చిన్న బ్రాకెట్టు. రెండు నిమిషాల పని. పూర్తి చేసి, లైటు ఆపి, భోజనానికి వెళ్ళాను. ఇరవై నిమిషాలకి ఏదో మర్చిపోయి తిరిగొస్తే షెడ్డులో గోనెసంచి కాల్చిన వాసన. మంట లేదు. క్యాబిన్ లోపల, నేను వెల్డ్ చేసిన చోటుకి సరిగ్గా పైన, కార్పెట్ కింద ఉన్న పాత ఫెల్టు నిప్పుకణికలా ఎర్రగా, చప్పుడు లేకుండా పాకుతోంది. పక్కనే వైర్ల కట్ట. బకెట్టు నీళ్ళతో పోయింది. ఆ మర్చిపోయింది ఏమిటో కూడా చెప్పనా, కళ్ళద్దాలు. అప్పట్నుంచి ఆఖరి వెల్డు తర్వాత కనీసం అరగంట షెడ్డులోంచి కదలను. ఆ అరగంటా పనిముట్లు తుడుచుకుంటాను. నా షెడ్డు శుభ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు, కారణం ఇదీ.

బోల్టుల గురించి త్వరగా. తల మీద 8.8 అనో 10.9 అనో బలం గుర్తు ఉంటుంది. తల మీద ఏమీ లేని బోల్టు సస్పెన్షన్‌లో పెట్టకండి. వైరింగుకి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, రేకులోంచి వైరు పోయే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రామెట్ ఉండాలి. బండి బోల్తా పడితే కాపాడే పైపుల పంజరం, రోల్ కేజి, నేను చెయ్యలేదు. పైపులు వంచే మెషీనుతో ట్యూబు వంచితే లోపలి వైపు నలిగిపోతుంది, సరైన డై కావాలి, అది నా దగ్గర లేదు. ఆ పని వచ్చినవాళ్ళ చేత చేయించాను. అన్నీ మనమే చెయ్యాలని రూలేమీ లేదు కదా.

బరువు గురించి చెప్పి ముగింపుకి వస్తాను. 1941లో విల్లీస్ జీపు తయారైనప్పుడు దాని ఇంజను 60 హార్స్ పవర్. బండి బరువు సుమారు 1,100 కిలోలు. టైర్లు సన్నటివి, 16 అంగుళాల రిమ్ము మీద. దాంతోనే యుద్ధమంతా బురదలో తిరిగారు. ఆ యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో వాడుతున్న పాత జీపుని చూసే ల్యాండ్ రోవర్ ఊహ చేశాడు, 1948లో అది బయటికొచ్చింది. తేలికగా ఉండడం, గేర్లు సరిగ్గా ఉండడం, ఆ బండ్ల బలమంతా ఇదే. మనం ఇప్పుడు ఇనుప బంపరు, వించి, పైన ర్యాకు, రెండు బ్యాటరీలు పెట్టి, తర్వాత ఇంజను చాలట్లేదంటాం. నా 35 అంగుళాల టైరు రిమ్ముతో సహా 40 కిలోల పైనే. స్పేరుని వెనక తలుపుకి తగిలించాను, రెండు నెలలకి తలుపు బందుల దగ్గర రేకు పగిలింది. ఇప్పుడది చాసిస్‌కి పట్టిన చట్రం మీద ఉంది. నేను కొన్నవాటన్నిటిలో ఎక్కువ ఉపయోగపడింది టైర్లలో గాలి తీసే చిన్న పనిముట్టు, మళ్ళీ నింపే కంప్రెసరు. 32 పౌన్ల నుంచి 15కి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. ఇసుకలో ఆ తేడా ముందు నా నాలుగంగుళాలు ఎందుకూ పనికిరావు.

మొదటి ప్రయాణం ఒక రాళ్ళ వాగు. వెనక కుడి చక్రం గాల్లోకి లేచింది, ఊరికే తిరుగుతోంది, బండి నిలబడిపోయింది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగానే బలం ఇస్తుంది. గాల్లో ఉన్నదానికి తిరగడానికి బలమే అక్కర్లేదు కాబట్టి నేల మీద ఉన్నదానికీ అంతే దక్కుతుంది. రెండు చక్రాల్నీ ఒకటిగా కట్టేసే లాకరు మీట నొక్కాను, రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి తాపీగా ఎక్కింది, గంటకి 2.7 కిలోమీటర్ల వేగంతో! వాగు దాటి ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ఆయిలు చూస్తే పాలు కలిపిన టీలా ఉంది. వేడెక్కిన హౌసింగ్ చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు పక్కనుంచి నీళ్ళు లాక్కుంటుంది. హౌసింగ్ గాలి పీల్చే బ్రీదర్ గొట్టాన్ని పైకి, ఇంజను గదిలోకి పొడిగించాలి. అదీ చేశాను. కమాను యూ బోల్టులు మళ్ళీ బిగిస్తే ఒక్కోటి పావు చుట్టు తీసుకున్నాయి.

"ఇంకేం మిగిలింది?" అని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు. హెడ్‌లైట్లు మిగిలాయి. స్ప్రింగుల వల్ల నాలుగు, టైర్ల వల్ల మూడు, మొత్తం 7 అంగుళాలు పైకి లేచాయి. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలోకి సూటిగా కొడుతున్నాయి. చదునుగా ఉన్న చోట బండి నిలబెట్టి, ఎదురు గోడ మీద సుద్దతో గీతలు గీసి, రెండు స్క్రూలు తిప్పితే అయిపోతుంది. పది నిమిషాల పని, మూడు వారాలుగా వాయిదా వేస్తున్నాను. అందుకే ఏమనుకోకండి, ప్రశ్నలుంటే బయట బండి దగ్గర నిలబడి మాట్లాడుకుందాం. చీకటి పడకముందే నేను ఇంటికి చేరాలి.